ముప్పైరెండా, ముప్పైమూడా

26 నవంబరు 1944, ఆదివారం

ఆరాధన ముగిసి జనం లేవబోతుండగా జక్కయ్య మామ ముందే లేచి నిలబడి, హన్నమ్మక్క మీద తగవు పెట్టాడు. ఆమె కారెంపూడి వీర్ల తిరునాళ్ళకు పోయి, నాగులేట్లో మునిగి, వీరుల గుడి ముందు కొబ్బరికాయ కొట్టి మొక్కుకున్నదట. కళ్ళారా చూసినవాళ్ళున్నారట. బాప్తిస్మం పొందిన మనిషి, పైగా మన బడిలో పిల్లలకు ఓనమాలు దిద్దించే మనిషి అలా చేయవచ్చునా అని అందరినీ అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నాకు నిన్నటి నుంచి గొంతు బాగాలేదు.

సంఘ పెద్దల కూటం తీర్పు డిసెంబరు పదిహేడున, క్రిస్మసునాటి ప్రభు భోజన సంస్కారానికి ముందు ఆదివారం. తప్పని తేలితే ఆమెకు వెలి. వెలి పడితే మిషను బడిలో ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు బడి వెనక గదీ పోతుంది. ఆ గది తప్ప ఆమెకు ఇల్లు లేదు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్క కొడుకు సామేలు పటాలంలో చేరి బర్మా వైపు రోడ్లు వేయడానికి వెళ్ళాడు. వానలు మొదలైన దగ్గర నుంచి అతని కబురు లేదు. ఆమె మొక్కు దేనికోసమో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

27, సోమవారం

మధ్యాహ్నం గంట కొట్టాక హన్నమ్మక్క నా తరగతి గుమ్మం దగ్గరకు వచ్చింది. చేతులకు సుద్ద అలాగే ఉంది.

"తమ్ముడూ, కూటాన్ని నన్నే కోరుకోమన్నారు గందా. ఎవర్ని కోరుకోవాలో తెలవట్లా. అసలు కట్టుబాటు ప్రకారం ఎన్ని రకాల కూటాలు కుదురుతయ్యో లెక్క కట్టి చెప్పు. నువ్వు లెక్కలోడివి" అంది.

చెబుతానన్నాను. ఇంత సులభమైన సాయం అడిగినందుకు నాకు చాలా హాయిగా అనిపించింది. తగవులో తలదూర్చకుండానే ఆమెకు సాయపడవచ్చు.

28, మంగళవారం

ముందు కట్టుబాటు సరిగ్గా రాసుకోవాలి. నేను సంఘ పెద్దగా కూర్చుని ఏడాది అయినా, దాన్ని నేను ఎప్పుడూ శ్రద్ధగా ఆలోచించలేదు.

పెద్దలం ఏడుగురం. ఏటా కోతల పండుగనాడు ఒకరిని కొత్తగా కూర్చోబెడతారు, అందరికంటే పాతవారు దిగిపోతారు. కాబట్టి ఏ ఇద్దరి పెద్దరికమూ సమానం కాదు. జక్కయ్య మామకు ఏడేళ్ళు. ఆయన కింద వరసగా ఆరు, ఐదు, నాలుగు, మూడు. ఏసోబు బాబాయికి రెండు. నాకు ఒకటి.

తగవు ఎవరి మీద వస్తే వాళ్ళే కూటాన్ని కోరుకోవాలి. ఎందరినైనా కోరుకోవచ్చు గాని ఒక షరతు ఉంది. కూటంలో ఎందరు కూర్చుంటే, వాళ్ళలో అందరికంటే కొత్త పెద్దకు కనీసం అన్నేళ్ళ పెద్దరికం ఉండాలి. ముగ్గురు కూర్చోవాలంటే అందులో కొత్తవాడికి మూడేళ్ళయినా నిండాలి. నలుగురు కూర్చోవాలంటే నాలుగేళ్ళు. ఇది మా సంఘం తొలి పాస్టరు పెట్టిన కట్టుబాటు. ఎందుకు పెట్టారో నాకు తెలియదు.

మనుషులను పక్కన పెట్టి ఒట్టి అంకెలతో మొదలుపెట్టాను. ఊళ్ళో ఒక్కరే పెద్ద ఉన్నారనుకుంటే ఒకే కూటం. ఇద్దరుంటే రెండు కూటాలు, ఎవరికి వారుగా; కలిసి కూర్చోవడానికి కుదరదు, కొత్తవాడికి ఏడాదే గదా. ముగ్గురుంటే నాలుగు. నలుగురుంటే ఏడు. ఐదుగురికి పన్నెండు. ఆరుగురికి ఇరవై.

స్లేటు మీద ఆ అంకెలు వరసగా రాసి చూస్తే నవ్వొచ్చింది. వెనక రెండింటినీ కలిపి ఇంకొకటి వేస్తే తర్వాతది వస్తోంది. ఒకటీ రెండూ ఒకటీ నాలుగు. రెండూ నాలుగూ ఒకటీ ఏడు. నాలుగూ ఏడూ ఒకటీ పన్నెండు. ఈ లెక్కన ఏడుగురికి పన్నెండూ ఇరవయ్యీ ఒకటీ, ముప్పైమూడు రావాలి. నా భార్య ప్రేమమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందని చెప్పేదాకా నాకు ఆకలి గుర్తు లేదు. ఎంత చక్కటి లెక్క. తగవు సంగతి మరిచే పోయాను.

29, బుధవారం

ఇప్పుడు పేర్లతో రాశాను. ఒక్కరు కూర్చునేవి, ఇద్దరివి, ముగ్గురివి, నలుగురిది. నలుగురిది ఒక్కటే కుదురుతుంది, పై నలుగురూ కూర్చున్నది. అన్నీ కూడితే ముప్పైరెండు.

30, గురువారం

మళ్ళీ ముప్పైరెండు.

1 డిసెంబరు, శుక్రవారం

అంకెలతో వేస్తే ముప్పైమూడు, పేర్లతో వేస్తే ముప్పైరెండు. అంకెలు అబద్ధం చెప్పవు. పేర్లు ఎందుకు చెప్పాలి? అంకె మనిషి తల మీదికి ఎక్కగానే ఒక కూటం ఎక్కడికి పోతోందో అంతు పట్టడం లేదు. బడిలో ఇవాళ మూడో తరగతివాడికి పదమూడో ఎక్కం తప్పు చెప్పి, వాడే దిద్దితే వాడి మీదే కోప్పడ్డాను.

2, శనివారం

సాయంత్రం ఏసోబు బాబాయి కలిశాడు. రైలు స్టేషనుకు నాపరాళ్ళు తోలి వస్తున్నాడు. బండి ఆపి తనే మాట ఎత్తాడు.

"హన్నమ్మతో చెప్పురా అబ్బాయ్, నన్ను కోరుకోమాకని. ఒక్కణ్ణి కోరుకోమాక, ఎవరితో కలిపీ కోరుకోమాక. నేను జక్కయ్య చేను కౌలుకి చేస్తన్నా. నా నోట్లోంచి వెలి అనే మాటే వచ్చిద్ది. ముందే చెప్తన్నా, తర్వాత నన్ను అనొద్దు."

"నీ మనసులో ఏముంది బాబాయ్?" అన్నాను.

"మనసుతో పనేందిరా. ఎద్దుకి గడ్డి కావాలి" అని బండి తోలుకుపోయాడు.

ఏసోబు బాబాయి పిరికితనం చూసి జాలేసింది. పెద్దగా కూర్చున్న మనిషి ఇంత బాహాటంగా భయపడతాడా?

3, ఆదివారం

పై నలుగురి సంగతి తెలిసిందే. జక్కయ్య మామ ఎటు అంటే అటు. మూడేళ్ళ పెద్దరికం ఉన్న ఆయన కూడా వారి మనిషే, ఇవాళ ఆరాధన తర్వాత గట్టిగానే అన్నాడు. ఏసోబు బాబాయి చెప్పనే చెప్పాడు. అంటే హన్నమ్మక్క ముప్పైరెండులో దేన్ని కోరుకున్నా తీర్పు ఒకటే. అప్పుడు ఈ లెక్క ఎందుకు?

లెక్క లెక్కే. ఆమె అడిగింది, నేను చేస్తున్నాను.

5, మంగళవారం

వెనక రెండూ కూడి ఒకటి ఎందుకు వేయాలో తెలిసింది. రెండు రోజులుగా ఇదే ధ్యాస.

కూటాలను రెండు భాగాలు చేయాలి: జక్కయ్య మామ లేనివి, ఉన్నవి. లేనివి అంటే మిగిలిన ఆరుగురితో కుదిరేవి, ఇరవై. ఉన్నవాటిలో ఆయన్ని లేపేసి, మిగతావాళ్ళ పెద్దరికంలో తలా ఒక ఏడాది తగ్గిస్తే, మనిషీ ఒకరు తగ్గారు, ఏడాదీ ఒకటి తగ్గింది, కాబట్టి షరతు చెడదు. ఐదుగురు పెద్దలుంటే కుదిరే కూటం మిగులుతుంది. అవి పన్నెండు. ఆయన ఒక్కడే కూర్చున్న కూటంలో ఆయన్ని లేపితే ఎవరూ మిగలరు. ఆ ఒక్కటే మనం విడిగా కలిపే ఒకటి. ఎవరూ లేని కూటాన్ని కూడా కూటమని ఒప్పుకుంటే ఆ ఒకటి వేసే బాధ కూడా ఉండదు. రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి, ముప్పైనాలుగు. వెనక రెండూ కూడితే చాలు, తర్వాతది వచ్చేస్తుంది.

నా పేర్ల లెక్కలో జక్కయ్య మామ ఉన్నవి పదమూడు, సరిగ్గానే ఉన్నాయి. లేనివి మాత్రం పంతొమ్మిది వచ్చాయి. తప్పు అటువైపున ఉంది.

6, బుధవారం

ఎవరూ లేని కూటం గురించి పాస్టరు గారిని అడిగాను. షరతుకు అది విరుద్ధం కాదు గదా అన్నాను. హన్నమ్మక్క ఎవరినీ కోరుకోకపోతే ఎవరూ కూర్చోనక్కర్లేదు, తీర్పూ ఉండదు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆయన, "ఎవరూ కూర్చోకపోతే తగవు ఎవరు తీరుస్తారయ్యా? సంస్కారం ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం గిన్నె ఆమె దాకా తీసుకురావాలా వద్దా, నాకు ఎవరో ఒకరు చెప్పాలి గదా" అన్నారు.

"షరతు ఎందుకు పెట్టారో తమకు తెలుసా?" అన్నాను.

"తొలి పాస్టరు గారు అనేవారట, కొత్తవాణ్ణి గుంపులో కూర్చోబెడితే గుంపు మాటే వాడి మాట అవుతుందని. తక్కువమందిలో కూర్చోబెడితే వాడు తన మాట తను వెతుక్కోక తప్పదని. అంతకంటే కొత్తవాడైతే ఇంకా తక్కువమందిలో."

అలా అయితే ఒక ఏడాది వాడు, అని మొదలుపెట్టి ఆపేశాను. వంటగదిలోంచి ఆయన భార్య కాఫీ తీసుకువచ్చింది. బెల్లం కాఫీ. చక్కెర దొరకడం లేదట.

8, శుక్రవారం

జక్కయ్య మామ బడికి వచ్చాడు. బడి మేనేజరు ఆయన బావమరిది కాబట్టి ఎప్పుడైనా రావచ్చు. పిల్లల చేత పద్యం చెప్పించుకున్నాడు, బాగా చెప్పారన్నాడు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు కొత్తోడివిరా కృపానందం. నీ దాకా రాదులే. వచ్చినా మా మాటే నీ మాట. అంతేగా?"

"అంతే మామా" అన్నాను. మర్యాద కోసం అన్నాను. ఇంటికి వచ్చిన మనిషితో కాదని ఎలా అంటాం? ఇల్లు కాదు, బడి. అయినా సరే.

10, ఆదివారం

ప్రేమమ్మను సాయం అడిగాను. నేను కూటాలు ఒక్కొక్కటే చదువుతాను, ఒక్కోదానికి ఒక చింతపిక్క చేటలో వెయ్యమన్నాను. ఆమె జొన్నలు చెరుగుతోంది. మీ లెక్కల పిచ్చికి నేను దొరికానా అంటూనే కూర్చుంది.

పేర్లు చదివాను. ముప్పైరెండు పిక్కలు. అంకెలు చదివాను. ముప్పైమూడు.

ఆమె పిక్కలు గుప్పిట్లోకి తీసుకుంటూ, "ఇన్ని కూటాల్లో మీ పేరు ఒక్కసారీ వినపళ్ళేదేంది? మీరు పెద్ద కాదా?" అంది.

బడికి తాళం వేశానో లేదో గుర్తు రాక చూడటానికి వెళ్ళాను. వేసే ఉంది.

11, సోమవారం

ఒక్కడు కూర్చుంటే అది కూటం ఎలా అవుతుంది? కూటమంటేనే కూడటం. అందుకే నా ఒక్కడిదాన్ని నేను వదిలేశాను. అందులో తప్పేమీ లేదు.

అలా అయితే మిగిలిన ఆరుగురి ఒంటరి కూటాలు కూడా కొట్టేయాలి. అప్పుడు ఇరవై ఆరు. ఇరవై ఆరు వరసలో ఎక్కడా ఇమడదు. ఆ ఆరూ నేనే రాశాను, చదివాను, ప్రేమమ్మ పిక్కలు వేసింది.

ఏడాది పెద్దరికం ఉన్నవాడు ఇంకెవరితోనూ కూర్చోరాదు. వాడికి ఉన్నది ఒక్క కూటమే. దాన్నే నేను అన్నిసార్లూ ఎగరగొట్టాను. కావాలని చేయలేదు. ప్రమాణం చేసి చెప్పగలను, కావాలని చేయలేదు.

12, మంగళవారం

ప్రేమమ్మ భోజనాల దగ్గర సూటిగా అడిగింది. "హన్నమ్మక్క చేసింది తప్పని మీకుందా?"

"ఆజ్ఞ ఉంది గదా, అన్యదేవతలకు మొక్కరాదని."

"ఆజ్ఞ సంగతి కాదండీ. మీకేముందని అడుగుతన్నా."

నాకేముందో నాకు నిజంగా తెలియలేదు. తప్పంటే ఆ మనిషి నడివీధిలో నిలబడుతుంది. తప్పు కాదంటే నేను బైబిలు చేత పట్టుకుని ఇంతకాలం చదివిందేమిటి? ఇటు అనుకుంటే అటు, అటు అనుకుంటే ఇటు. మేనేజరు సంగతి కూడా మధ్యలో దూరింది, దూరలేదని చెప్పను. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని లేచాను. ఉప్పు సరిపోయిందని ప్రేమమ్మ అంటుంది.

14, గురువారం

హన్నమ్మక్క అడిగింది, లెక్క తేలిందా అని.

ముప్పైరెండు అని చెప్పాను.

ఆమె వేళ్ళు ముడుచుకుంటూ తెరుచుకుంటూ కాసేపు నిలబడి, "సరే తమ్ముడూ" అని వెళ్ళిపోయింది.

15, శుక్రవారం

ఏమీ లేదు. జ్వరం వస్తే బాగుండేది. రాలేదు.

17, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

ఆరాధన అయ్యాక చాప పరిచారు. కూటం వాళ్ళు జనానికి వీపు పెట్టి కూర్చోవాలి, ఎవరి ముఖాలూ చూడకూడదని. తగవు పడ్డ మనిషి మాత్రం ఎదురుగా నిలబడుతుంది. పాస్టరు గారు ఎవరిని కోరుకుంటున్నావమ్మా అని అడిగారు.

"కృపానందం పంతులు. ఒక్కడు చాలు" అంది హన్నమ్మక్క.

పాస్టరు గారు వేళ్ళ మీద చూసుకుని, "ఒక్కడు, ఒక ఏడాది. కుదిరింది" అన్నారు. జక్కయ్య మామ నవ్వడం వినిపించింది. నిశ్చింతగా నవ్వాడు. అందరూ కూర్చునే చాప మీద నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. వీపు వెనక ఊరంతా ఉంది, ఒక్క ముఖమూ కనిపించదు. ఎవరు ఏమనుకుంటున్నారో తెలిస్తే గాని నేను ఏమనుకుంటున్నానో నాకు తెలియదన్న సంగతి అప్పుడు అర్థమైంది. చాలా భయం వేసింది.

ఆమె కాదంటుందేమో, తిరునాళ్ళకు చూడటానికి వెళ్ళానంటుందేమో అని ఆశపడి అడిగాను.

"మొక్కావా అక్కా?"

"మొక్కా."

"ఎవరికి?"

"ఎవరు వింటే వాళ్ళకి."

వెనక కలకలం. అది తగ్గేదాకా ఆగి, "ప్రభువుకు మొక్కడం మానేశావా?" అన్నాను.

"ఎందుకు మానతా? పొద్దునా మాపునా ఆయన్నే అడుగుతన్నా. ఆయన వింటన్నాడో లేదో తెలవక, మా అమ్మ మొక్కిన చోట కూడా అడిగా. మా తాతలు ఆ వీర్ల పక్కన నడిచినోళ్ళేనంట. రేపు మాలక్ష్మమ్మ వినిద్దంటే అక్కడా అడుగుతా. పిల్లోడు కనపడట్లా తమ్ముడూ."

వెనక ఎవరో దగ్గారు. అది జక్కయ్య మామ దగ్గేనని గుర్తుపట్టాను, నేను ఏమనాలో గుర్తు చేయడానికి ఆ దగ్గు. ఆజ్ఞలు పదీ గుర్తున్నాయి. ఆమె చేతుల మీద సుద్ద కూడా కనిపిస్తోంది. ఆదివారం నాడు సుద్ద ఏమిటో.

"నాకు తప్పు కనపడలేదు" అన్నాను. గొంతు నాదిలా లేదు. పాస్టరు గారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

18, సోమవారం

బడి వెనక గది ముందు హన్నమ్మక్క పలకలు తుడుస్తూ కూర్చుంది. నన్నే ఎందుకు కోరుకున్నావని అడిగాను.

"నువ్వు ముప్పైరెండని చెప్పినప్పుడే అనుకున్నా. నేను కూడా ట్రైనింగు పాసయినదాన్నే తమ్ముడూ, వేళ్ళ మీద ముప్పైమూడు వచ్చినయ్. ఏది తగ్గిందా అని చూసుకున్నా. మిగతా ఆరుగురికీ ఏం చెప్పాలో ముందే తెలుసు. నీకు తెలవదు. అందుకే లెక్కలో నిన్ను నువ్వే వదిలేసుకున్నావ్."

"వెలి అనేసి ఉంటే?"

"అంటే అనేవాడివి. అయినా అది నువ్వే అనేవాడివి గందా."

ఆమె చెప్పింది నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒక పలక తీసుకుని నేనూ తుడిచాను.

22, శుక్రవారం

మేనేజరు కబురు పంపాడు. జనవరి నుంచి నన్ను వెల్దుర్తి బడికి మారుస్తున్నారు. అక్కడ ఉండటానికి ఇల్లు ఇవ్వరు. ప్రేమమ్మ గిన్నెలు లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి, అక్కడ జొన్నలు చవకటలే అంది.

25, సోమవారం

సంస్కారం. హన్నమ్మక్క తన చోట తను కూర్చుంది. పాస్టరు గారు గిన్నె ఆమె దాకా తీసుకువెళ్ళారు. ఆమె తాగింది. సామేలు కబురు ఇంకా లేదు.

బయటికి వస్తుంటే జక్కయ్య మామ దారికి అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా లేడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ఉన్నాడు.

"ఒరేయ్, నిన్నట్టా చెప్పమంది ఎవర్రా? పాస్టరా? నీ పెళ్ళామా?"

"ఎవరూ చెప్పలేదు మామా."

"ఎవరూ చెప్పకుండా నీకెట్టా వచ్చిందిరా ఆ మాట?"

పక్కనుంచి తప్పుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చి కూర్చున్నా ఆ ప్రశ్న వదలలేదు. ఆ మాట సరైనదో కాదో దేవుడికే తెలియాలి, నేను పాపమే చేశానేమో. ప్రేమమ్మ భోజనానికి పిలుస్తోంది. భయం ఇంకా పోలేదు. కాని అది నా మాటే.